కంతికి ముందు కనబడు జాడ

ఫలానా రసాయన ద్రవ్యము కాన్సరును కలిగించునని పత్రికలలో చదువుచుందుము. రంగు వేసిన మిఠాయి, పొగాకు, పొలములో చల్లు మందు, బూజు పట్టిన గింజ, ఇట్టి వానిని గూర్చి ఏదో ఒక హెచ్చరిక తఱచుగా వినబడుచునే యుండును. విన్నవారిలో కొందఱు భయపడుదురు. మఱికొందఱు, ఎలుకలకు వచ్చినంత మాత్రమున మనుష్యులకు వచ్చునా యని నవ్వి ఊరకుందురు. ఈ రెండును తొందరపాటులే. అయినను, ఎలుకకు వచ్చిన వ్యాధి మనిషికి వచ్చునా రాదా యను ప్రశ్న మాత్రము మిక్కిలి మంచి ప్రశ్న. దానికి సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులు గత యాభై సంవత్సరములలో ఒక మార్గమును వేసికొనినారు. కంతి పుట్టువఱకు వేచియుండక, అంతకుముందే శరీరములో మిగిలిపోవు జాడలను వెదకుట ఆ మార్గము. ఈ జాడలనే వారు బయోమార్కరులు అందురు. మనము జీవసూచికలు అనుకొనవచ్చును. నేటి ప్రసంగము వానిని గూర్చియే.

మొదట కొంత పూర్వకథ చెప్పవలెను. 1775లో లండను నగరమున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు ఒక సంగతిని వ్రాసెను. ఆ నగరపు ఇండ్ల పొగగొట్టములలోనికి దిగి మసి దులుపుటకు చిన్న పిల్లలను నియోగించెడివారు. ఆ పిల్లలు పెద్దవారైన పిమ్మట వారిలో కొందఱికి వృషణముల పైచర్మమున రాచపుండు పుట్టుచుండెను. చర్మపు ముడుతలలో నిలిచిపోయిన మసియే దీనికి కారణమని పాట్ గ్రహించెను. ఇది మనుష్యుల యనుభవమునుండి తెలిసిన విషయము. ప్రయోగశాలలో దీనిని ఋజువు చేయుటకు ఇంకను 140 ఏండ్లు పట్టెను. 1915లో జపాను దేశమున యమగివ, ఇచికావ అను నిరువురు శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చెవులపై నెలల తరబడి బొగ్గు తారును పూసి, అక్కడ కాన్సరు పుట్టుటను చూపిరి.

తారులో వందలకొలది ద్రవ్యములున్నవి. వానిలో అసలు దోషి యేది? లండనులో కెన్నవే అను శాస్త్రజ్ఞుని పరిశోధక బృందము తారును అంచెలంచెలుగా విడదీసి, 1933లో బెంజోపైరీన్ అను ద్రవ్యమును వేఱుచేసెను. కాన్సరు పుట్టించు తారులు అతినీలలోహిత కాంతిలో ఒక ప్రత్యేకమైన రీతిని మెఱయుచుండుట వారికి ఆధారమైనది. ఆ మెఱపును ఆనవాలుగా పట్టుకొని వారు దోషిని వెదకి పట్టుకొనిరి. ఆనవాలును బట్టి పోవుట యను పద్ధతి ఈ విధముగా కాన్సరు పరిశోధనలో చాలకాలముగా ఉన్నదే. అయితే అప్పుడు ఆ ఆనవాలును తారులో వెదకినారు. జీవి శరీరములో దానిని వెదకుట తరువాతి తరమువారి పని యైనది.

ఒక ద్రవ్యము కాన్సరు కారకమా కాదా యని తేల్చుటకు నేడు ప్రమాణముగా నెంచబడు పరీక్ష ఎలుకల మీదను, చిట్టెలుకల మీదను జరుగును. దాని కాలము రెండు సంవత్సరములు, అనగా ఆ జంతువుల జీవితకాలములో అధికభాగము. ఒక గుంపునకు మామూలు ఆహారము మాత్రమే పెట్టుదురు. మఱి మూడు గుంపులకు మూడు వేఱువేఱు మోతాదులలో ఆ ద్రవ్యము నిత్తురు. ఒక్కొక్క గుంపులో సాధారణముగా మగవి 50, ఆడవి 50 ఉండును. రెండు జాతులను కలిపి లెక్కించినచో ఇవి 800 జంతువులు. గడువు ముగిసిన పిమ్మట వానిని చంపి, ప్రతి అవయవమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఎన్నింటికి కంతులు పుట్టినవో లెక్కించి, గుంపునకును గుంపునకును పోల్చి చూతురు.

ఈ పరీక్షకు విలువ లేకపోలేదు. కాని దీనికి మూడు పరిమితులున్నవి. మొదటిది కాలము. ఒక్క ద్రవ్యమును పరీక్షించి, ఫలితములను కూర్చి, తీర్పు చెప్పుటకు ఏండ్లు పట్టును. ఈలోగా జనులు దానిని తినుచునే యుందురు, పీల్చుచునే యుందురు. రెండవది మోతాదు. వేయిమందిలో ఒక్కనికి కాన్సరు కలిగించు ద్రవ్యము చిన్న కీడు చేయునది కాదు. కోటి జనులున్న చోట అది పదివేలమందికి ఆపద. కాని 50 ఎలుకల గుంపులో అట్టి ద్రవ్యపు దోషము బయటపడదు. అందుచేత మోతాదును అనేక రెట్లు పెంచి పెట్టవలసి వచ్చును. అంత మోతాదులో జరిగినది మనము తిను స్వల్ప పరిమాణములో కూడ జరుగునా యను సందేహము అక్కడనే పుట్టును. మూడవ పరిమితి అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పరీక్ష కంతిని చూపును గాని, కంతి ఎట్లు పుట్టినదో చెప్పదు. అది తెలియనిదే ఎలుకకు వచ్చినది మనిషికి వర్తించునో లేదో నిర్ణయించుట కష్టము.

దొంగ యింట పడి సొత్తు పోయిన తరువాత గగ్గోలు పెట్టుటకంటె, గోడ ప్రక్కన క్రొత్త యడుగుజాడ కనబడిననాడే మేల్కొనుట మేలు కదా. జీవసూచికల వెనుకనున్న ఆలోచన ఇంతే. ఈ జాడలు మూడు విధములు. ద్రవ్యము శరీరములో ప్రవేశించి తాకవలసిన చోటును తాకినదని చెప్పునవి మొదటి రకము. తాకిన చోట మార్పు మొదలైనదని చెప్పునవి రెండవ రకము. ఆ దెబ్బకు ఏ జీవి తేలికగా లోబడునో, ఏ జీవి తట్టుకొనునో చెప్పునవి మూడవ రకము. ఈ మూటికిని ఉదాహరణములు చూతము.

మొదటి యుదాహరణము వేరుసెనగతో ముడిపడినది. 1960లో ఇంగ్లండు దేశమున కొద్ది నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. కారణము తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి యని పేరు పెట్టిరి. విచారింపగా, ఆ కోళ్ళకు పెట్టిన మేతలో బ్రెజిలు దేశమునుండి దిగుమతి యైన వేరుసెనగ చెక్క యున్నట్లు తేలినది. ఆ చెక్కకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టియున్నది. ఆ బూజు విడుచు విషమునకే ఆఫ్లటాక్సిన్ అని పేరు వచ్చినది. అతినీలలోహిత కాంతిలో నీలముగా మెఱయు రకములకు బి అనియు, ఆకుపచ్చగా మెఱయు రకములకు జి అనియు గుర్తులు పెట్టిరి. వానిలో బి1 అనునది అన్నిటికంటె తీవ్రమైనది.

బూజు చెక్కను తిన్న ఎలుకలకు కాలేయమున కాన్సరు పుట్టుచున్నదని 1961లోనే వెల్లడి యైనది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన వోగన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు స్వచ్ఛమైన బి1 రకమును ఎలుకలకు వేఱువేఱు మోతాదులలో పెట్టి, ఆ ఫలితములను 1974లో ప్రకటించిరి. కోటి పాళ్ళ ఆహారమునకు ఒక పాలు విషము కలిపి పెట్టిన గుంపులో 28 ఎలుకలకు గాను 28 ఎలుకలకును కాలేయపు కాన్సరు వచ్చినది. నూరుకోట్ల పాళ్ళకు ఒక పాలు మాత్రమే కలిపిన గుంపులో 22 ఎలుకలలో రెంటికి వచ్చినది. విషము లేని ఆహారము తిన్న 18 ఎలుకలలో ఒక్కదానికిని రాలేదు. ఇంత స్వల్ప పరిమాణములో ఇంత కీడు చేయు ద్రవ్యములు అరుదు.

ఇక జాడ సంగతి. ఆఫ్లటాక్సిన్ తనంత తాను అంత చురుకైనది కాదు. కాలేయములో కొన్ని ఎంజైములున్నవి. శరీరమునకు అక్కఱలేని ద్రవ్యములను నీటిలో కరుగునట్లు మార్చి బయటకు సాగనంపుట వాని పని. అవి ఆఫ్లటాక్సిన్‌ను కూడ అట్లే మార్చబోవును. కాని ఆ మార్పులో నడుమ ఎపాక్సైడు అను మిక్కిలి చురుకైన రూప మొకటి పుట్టును. వచ్చినవానిని వీథి దాక సాగనంపబోయి వాని చేతికి కత్తి యిచ్చినట్లు అగును. ఆ రూపము జీవకణపు కేంద్రములోనికి పోయి, వంశపారంపర్య లక్షణములను మోయు డి.ఎన్.ఏ.ను తాకి, అందలి గ్వానైన్ అను భాగమునకు అతుకుకొనును. అతుకు పడినచోట కణము విభజన పొందునపుడు అక్షరము తప్పి నకలు వ్రాసినట్లగును. ఆ తప్పు తగిన చోట పడెనేని అదియే కాన్సరునకు బీజము.

అయితే ఈ అతుకు శాశ్వతముగా నిలువదు. కొంత తనంతట ఊడిపోవును. కొంత భాగమును కణము మరమ్మతు చేసికొని తొలగించును. ఊడిపడిన ఆ ముక్క, అనగా ఆఫ్లటాక్సినును గ్వానైనును కలిసియున్న జంట, రక్తములోనికి వచ్చి, మూత్రపిండముల ద్వారా మూత్రములో బయటపడును. ఈ జంట నిర్మాణమును 1977లో పైన చెప్పిన విద్యాసంస్థలోనే నిర్ణయించిరి. ఆఫ్లటాక్సిన్ ఇచ్చిన ఎలుకల మూత్రములో ఈ జంట కనబడుచున్నదనియు, మోతాదు పెరిగిన కొలది ఇదియు పెరుగుచున్నదనియు, కాలేయములోని డి.ఎన్.ఏ.కు తగిలిన దెబ్బకు ఇది కొలమానముగా నున్నదనియు 1981లో ప్రకటించిరి. దీని ప్రాముఖ్యమును శ్రోతలు గమనింపగలరు. ఎలుకను చంపనక్కఱలేదు. కాలేయమును కోయనక్కఱలేదు. రెండేండ్లు వేచియుండనక్కఱలేదు. కొలది మూత్రము చాలును.

రెండవ రకమునకు జపాను దేశపు పరిశోధన మంచి యుదాహరణము. ఎలుక కాలేయములో కాన్సరు పుట్టుటకు చాల ముందుగా, అక్కడక్కడ కొన్ని కణములు గుంపులుగా కూడి, తక్కిన కణములకు భిన్నముగా ప్రవర్తింప మొదలుపెట్టును. వట్టి చూపునకు అవి కనబడవు. కాని ఆరోగ్యముగల ఎలుక కాలేయములో దాదాపు కనబడని ఒక ఎంజైము, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజు యొక్క మావి రూపము, ఆ కణములలో విస్తారముగా తయారగును. మావిలో మొదట గుర్తింపబడుటచే దానికి ఆ పేరు వచ్చినది. సాటో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1980 తరువాతి సంవత్సరములలో ఇది కాన్సరునకు ముందటి దశకు సూచిక యని చూపెను. తగిన రంగు వేసినచో ఆ కణముల గుంపులు బట్టపై మరకలవలె స్పష్టముగా బయటపడును.

ఇటో అను మఱియొక జపాను శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు ఈ సూచిక నాధారముగా చేసికొని ఎనిమిది వారముల పరీక్షను రూపొందించిరి. ముందుగా ఎలుకకు డైఇథైల్ నైట్రోసమీన్ అను ద్రవ్యమును ఒక్కసారి ఇత్తురు. అది కాలేయములో విత్తనము చల్లుట వంటిది. రెండు వారముల తరువాత, పరీక్షింపదలచిన ద్రవ్యమును ఆహారములో ఆఱు వారములు పెట్టుదురు. నడుమ మూడవ వారమున కాలేయములో మూడింట రెండు వంతులు శస్త్రచికిత్సచే తొలగింతురు. మిగిలిన భాగము మరల పెరుగుటకు వేగముగా విభజన పొందును. ద్రవ్యము చెడ్డదైనచో, చల్లిన విత్తనములు ఎరువు పడిన మొలకలవలె ఎక్కువగా పైకి వచ్చును. ఎనిమిదవ వారము చివర రంగు మరకలను లెక్కించి కొలిచినచో సంగతి తెలియును. 104 వారముల పరీక్షకు ఎదుట ఇది 8 వారములు. పరీక్షకు కావలసిన జంతువులును చాల తక్కువ. ప్రయోగశాల జంతువులను వీలైనంత తగ్గించవలెనని, వాని బాధను కనిష్ఠము చేయవలెనని, వీలైనచోట వేఱు పద్ధతులను వాడవలెనని రస్సెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు 1959లో ప్రతిపాదించిరి. జీవసూచికలు ఆ యాశయమునకు కొంతవఱకు తోడ్పడుచున్నవి.

మూడవ రకము మన మొదటి ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పును. ఎలుకను కొద్దిపాటి మోతాదులో చంపు ఆఫ్లటాక్సిన్, చిట్టెలుకకు అంతకు ఎన్నో రెట్లు పెట్టినను కాలేయపు కాన్సరును పుట్టింపలేకపోయినది. రెండును ఒక్క కుటుంబములోని జంతువులే. రెండును చురుకైన ఆ ఎపాక్సైడును తయారుచేయును. భేదమెక్కడ? చిట్టెలుక కాలేయములో ఆ ఎపాక్సైడును వెంటనే పట్టి గ్లూటాథయోన్ అను పదార్థముతో కట్టివేయు ఎంజైము సహజముగానే సమృద్ధిగా నున్నది. కత్తి చేతికి వచ్చినను, వీథిలో కాపలావాడు పట్టి బంధించుచున్నాడన్నమాట. ఎలుకలో ఆ కాపలా బలహీనము. మఱి మనిషి మాటయేమి? మనిషి కాలేయములో ఈ శక్తి చిట్టెలుకకంటె మిక్కిలి తక్కువ. కావున ఈ విషయములో చిట్టెలుక చెప్పిన శుభవార్తను నమ్మి మనము నిశ్చింతగా నుండరాదు. ఎలుక హెచ్చరికనే వినవలెను.

ఎలుక మాటను వినగూడని సందర్భములును కలవు. నారింజ తొక్క నూనెలో లిమొనీన్ అను సువాసన ద్రవ్యమున్నది. దానిని ఎక్కువ మోతాదులో పెట్టినపుడు మగ ఎలుకల మూత్రపిండములలో కంతులు పుట్టినవి. ఆడ ఎలుకలకు పుట్టలేదు, చిట్టెలుకలకును పుట్టలేదు. ఆ మగ ఎలుకల మూత్రపిండములలో చిన్న చిన్న బిందువులవలె ఒక ప్రోటీను పేరుకొనియుండుటను శాస్త్రజ్ఞులు గమనించిరి. ఆల్ఫా-2యు-గ్లోబులిన్ అను ఆ ప్రోటీను మగ ఎలుక కాలేయమున తయారగును. లిమొనీన్‌నుండి పుట్టిన ఒక పదార్థము దానికి అతుకుకొనుటచే అది జీర్ణము కాక పేరుకొని, కణములను చంపి, వాని స్థానమున క్రొత్త కణములు అదే పనిగా పుట్టుటకు కారణమగుచున్నది. ఆ ప్రోటీను మనిషికి లేదు. అందుచేత ఈ మార్గమున పుట్టిన కంతులను మనుష్యులకు వచ్చు ప్రమాదమునకు గుర్తుగా నెంచరాదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1991లో నిర్ణయించెను. చూచితిరా! జాడ దోషిని పట్టించుటయే గాక, నిర్దోషిని విడిపించును కూడ.

ఎలుక మూత్రములో కనబడిన జాడను మనిషి మూత్రములో వెదకుట తరువాతి మెట్టు. చైనా దేశమున షాంఘై నగరములో 1986 మొదలు 1989 వఱకు, 45 ఏండ్లకును 64 ఏండ్లకును నడుమ వయస్సుగల 18,244 మంది పురుషులను పరిశోధకులు ఎన్నుకొనిరి. వారు తిను ఆహారమును గూర్చి ప్రశ్నించి వ్రాసికొనిరి. వారి మూత్రమును, రక్తమును సేకరించి అతిశీతలమున భద్రపఱచిరి. తరువాతి సంవత్సరములలో వారిలో కొందఱికి కాలేయపు కాన్సరు వచ్చినది. అప్పుడు భద్రపఱచిన మూత్రమును తీసి, కాన్సరు వచ్చినవారిని రానివారితో పోల్చి చూచిరి. 1992లో మొదటి ఫలితములును, 1994లో విపుల ఫలితములును వెలువడినవి. మూత్రములో ఆఫ్లటాక్సిన్ జాడ యున్నవారికి, అది లేనివారికంటె ప్రమాదము 3.4 రెట్లు. హెపటైటిస్ బి అను కాలేయ వ్యాధి క్రిమిని దీర్ఘకాలముగా మోయుచు, ఆ జాడ లేనివారికి 7.3 రెట్లు. రెండును కలిసి యున్నవారికి 59.4 రెట్లు. నిప్పును నూనెయు ఒక్కచోట చేరిన చందమిది.

ఈ పరిశోధనలో మఱియొక పాఠమున్నది. ఏమి తినుచున్నారని అడిగి, ఆ లెక్కనుబట్టి ఆఫ్లటాక్సినును అంచనా వేసినపుడు కాన్సరుతో సంబంధమేదియు బయటపడలేదు. మూత్రమును పరీక్షించినపుడే అది బయటపడినది. తాను తిన్న గింజలలో ఏది బూజు పట్టినదో ఎవడు చెప్పగలడు? నోరు చెప్పలేనిది కాలేయము చెప్పినది. ఆ కాలేయపు భాషను మనకు నేర్పినది ప్రయోగశాలలోని ఎలుక. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ ప్రకృతిలో పుట్టు ఆఫ్లటాక్సిన్లను మనుష్యులకు నిశ్చయముగా కాన్సరు కలిగించు మొదటి వర్గములో 1987లోనే చేర్చియున్నది. షాంఘై ఫలితములు ఆ తీర్పును బలపఱచినవి.

ఇది మనకు దూరదేశపు కథ కాదు. 1974 చివరి నెలలలో రాజస్థానమునందలి బాన్స్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాల గ్రామములలో కామెర్లతోను, కడుపు ఉబ్బుతోను జనులు పడిపోయిరి. అకాల వర్షములకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలను తినుట అందులకు కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొని 1975లో ప్రకటించిరి. 397 మంది జబ్బు పడిరి. వారిలో 106 మంది మరణించిరి. ఆ యిండ్లలో అదే తిండి తిన్న కుక్కలును చనిపోయినవి. అది ఎక్కువ మోతాదు ఒక్కసారిగా పడినపుడు కలుగు ఆపద. స్వల్ప మోతాదు ఏండ్ల తరబడి పడినపుడు కలుగు ఆపద నిశ్శబ్దమైనది. దానికి కామెర్లు లేవు, గగ్గోలు లేదు. జాడలను వెదకుట తప్ప దానిని ముందుగా తెలిసికొను దారి లేదు. వేరుసెనగ విరివిగా పండు మన రాయలసీమవంటి ప్రాంతములలో, కాయ ఊరు సమయమున వర్షము లేక పైరు బెట్టకు వచ్చినచో, ఈ బూజు నేలలో నుండగనే కాయకు పట్టును. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోనున్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు గింజలలోని ఈ విషమును తక్కువ వ్యయముతో కొలుచు పరీక్షను రూపొందించినారు.

జీవసూచికలను ఇంతగా ప్రశంసించిన తరువాత, వాని హద్దులను కూడ చెప్పుట ధర్మము. మూత్రములోని జంట గడచిన ఒకటి రెండు దినముల తిండిని గూర్చి మాత్రమే చెప్పును. రక్తమునందలి ఆల్బుమిన్ అను ప్రోటీనుకు అతుకుకొనిన ఆఫ్లటాక్సిన్ రెండు మూడు నెలల సంగతి చెప్పును. ఇరువది యేండ్ల క్రిందటి తిండిని గూర్చి ఈ రెండును చెప్పలేవు. జాడ కనబడిన ప్రతివానికిని కాన్సరు రాదు. కనబడనంత మాత్రమున రాకుండునని హామీయు లేదు. కొన్ని సూచికలు కొందఱు దోషులను అసలే చూడవు. కొలెస్టరాలు తగ్గించుటకు వాడిన క్లోఫైబ్రేట్ వంటి కొన్ని ద్రవ్యములు ఎలుక కాలేయమున కంతులను పుట్టించును గాని, ఆ కంతులలో పైన చెప్పిన మావి ఎంజైము కనబడదు. ఎనిమిది వారముల పరీక్ష వానిని పట్టలేదు. కావుననే రెండేండ్ల పరీక్షను శాస్త్రజ్ఞులు ఇంకను పూర్తిగా విడిచిపెట్టలేదు. సూచిక సాక్షి వంటిది. సాక్షి చెప్పినది విని, తక్కిన సాక్షులతో సరిచూచి, తీర్పు చెప్పవలసినవారు వేఱుగా నున్నారు.

అయినను ఆ సాక్షి వలన ఒక మేలు కలిగినది. కాన్సరును నివారించు ఉపాయమొకటి ఫలించినదో లేదో తెలిసికొనుటకు ఇరువది యేండ్లు వేచియుండనక్కఱలేకపోయినది. ఆకుపచ్చని పత్రహరితమునుండి తయారుచేయు క్లోరోఫిలిన్ అను పదార్థము ప్రయోగశాలలోని ట్రౌట్ చేపలలో ఆఫ్లటాక్సిన్ కీడును తగ్గించినది. అంతట చైనాలో కాలేయపు కాన్సరు ఎక్కువగానున్న ఛీదోంగ్ ప్రాంతమున 1997లో 180 మంది ఆరోగ్యవంతులను తీసికొని, సగముమందికి ఈ పదార్థపు మాత్రలను, సగముమందికి ఉత్త మాత్రలను నాలుగు నెలలు భోజనముతో ఇచ్చిరి. మందు తిన్నవారి మూత్రములో ఆ జంట 55 శాతము తగ్గియున్నట్లు 2001లో ప్రకటించిరి. కాన్సరే తగ్గినదని దీని యర్థము కాదు. కాని దెబ్బ తగులుట తగ్గినది. దారి సరియైన దిక్కునకే పోవుచున్నదని తెలియుటకు అది చాలును.

ఇకమీదట ఏదైన ద్రవ్యము కాన్సరు కలిగించునని విన్నపుడు శ్రోతలు భయపడుటకును నవ్వుటకును ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఏ జంతువునకు వచ్చినది? ఎంత మోతాదులో వచ్చినది? ఏ మార్గమున వచ్చినదో తెలిసినదా? ఆ మార్గము మనిషి శరీరములోను ఉన్నదా? మొదటి రెంటికి మాత్రమే సమాధానమున్నచో అది ఇంకను అనుమానమే. నాలుగింటికిని సమాధానమున్నచో అది హెచ్చరిక. ఆఫ్లటాక్సిన్ విషయములో ఆ నాలుగింటికిని సమాధానములు లభించినవి.

కనుక ఇంటిలో చేయవలసిన పని చిన్నదే అయినను దానిని తేలికగా చూడరాదు. వేరుసెనగ కాయలను, మొక్కజొన్నలను బాగుగా ఎండబెట్టి, చెమ్మ తగులనిచోట నిలువ చేయవలెను. ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి అగు గింజలను ఏరి పాఱవేయవలెను. వేయించినను ఉడికించినను ఈ విషము పూర్తిగా నశింపదు. చెడిన గింజను పారవేయ మనసొప్పక పశువునకు పెట్టుటయు మంచిది కాదు. ఆ విషములో కొంత రూపము మారి పాలలోనికి వచ్చును. పసిబిడ్డలకు హెపటైటిస్ బి టీకా తప్పక వేయింపవలెను. 59 రెట్ల ప్రమాదములో పెద్దభాగమును ఆ టీకా తొలగింపగలదు.

ఎన్నో వేల ఎలుకలు తమ ప్రాణములతో ఈ సంగతిని మనకు తెలిపినవి. తెలిసిన సంగతిని పాటించుట మన వంతు.